పాత బ్లాగుకు వీడ్కోలు, కొత్త చోటికి తరలింపు: తరచుగా అడిగే ప్రశ్నలు

2007లో ఒక ఉచిత వేదిక మీద మొదలుపెట్టిన నా తెలుగు బ్లాగును నిరుడు సొంత చిరునామాకు తరలించాను. అందరి బ్లాగుల్లోని కొత్త రాతలను ఒకచోట చూపే కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినుల కాలంలో పరిచయమైన మిత్రులు అప్పటి నుంచి ఒక్కొక్కరుగా తమ బ్లాగుల గురించి అడుగుతున్నారు. వాళ్ళకు విడివిడిగా చెప్పిన సమాధానాలనే ఇక్కడ ఒకచోట చేర్చాను. ఆ రోజుల్లో మనం రాసుకున్న ఊరి జ్ఞాపకాలు, వంటలు, పుస్తక పరిచయాలు చాలావరకు మరెక్కడా అచ్చు కాలేదు. అందువల్ల ఇల్లు మారే తొందరలో వాటిలో ఒక్క టపా (బ్లాగులో పెట్టిన రాత) కూడా దారిలో జారిపోకూడదన్నదే ఈ సమాధానాలన్నింటి వెనుక ఉన్న నా పట్టుదల.

బ్లాగు బాగానే తెరుచుకుంటోంది కదా, ఇప్పుడు వదిలి వెళ్ళవలసిన అవసరం ఏమిటి?

అవసరం అందరికీ లేదు. ఇక మీదట రాసే ఉద్దేశం లేనివారు బ్లాగును ఉన్నచోటనే ఉంచి, పూర్తి నకలు ఒకటి తమ దగ్గర దాచుకుంటే చాలు. రాయడం కొనసాగించాలనుకునేవారు మాత్రం తమ రాతలు ఎవరి స్థలంలో ఉన్నాయో ఒకసారి ఆలోచించాలి. యాహూ సంస్థ సొంత వెబ్ పుటలు పెట్టుకునే జియోసిటీస్ సేవను అమెరికాలో 2009 అక్టోబరులో మూసివేసింది. బ్లాగు సేవ పోస్టరస్ 2013 ఏప్రిల్‌లో, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో, యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో మూతపడ్డాయి. డబ్బు చెల్లించి వాడుకునే బ్లాగు సేవ టైప్‌ప్యాడ్ కూడా 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయింది కనుక, ఉచిత సేవలకే ఈ ప్రమాదం ఉందని అనుకోవడానికి లేదు. 1999లో పుట్టి ఇప్పుడు గూగుల్ చేతిలో ఉన్న బ్లాగర్ నేటికీ నడుస్తోంది. అది రేపో మాపో మూతపడుతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు, కానీ పైన చెప్పినవేవీ మూతపడే ముందు ఇచ్చిన గడువు కొన్ని నెలలకు మించలేదు. ఇరవై ఏళ్ళ రాతలను ఆ కొద్ది నెలల్లో హడావుడిగా సర్దుకోవడం కన్నా, తీరిక ఉన్నప్పుడు మన వీలు చూసుకుని కదలడం మేలు.

ఎక్కడికి వెళ్ళడం మంచిది?

నా సమాధానంలో మొదటి మాట వేదిక గురించి కాదు, డొమైన్ గురించి, అంటే ఇంటర్నెట్‌లో మీ సొంత చిరునామా గురించి. ముందుగా మీ పేరు మీద ఒక డొమైన్ కొనుక్కోండి. ఆ తరువాత వర్డ్‌ప్రెస్‌లో ఉంటారా, బ్లాగర్‌లోనే ఉంటారా, హ్యూగో వంటి పరికరంతో డేటాబేసు అక్కరలేని స్థిరపుటలు తయారు చేసుకుంటారా అన్నది మీ ఓపికను బట్టి నిర్ణయించుకోవచ్చు. డొమైన్ మీదైతే రేపు వేదిక మారినా పాఠకుడికి తెలిసిన చిరునామా మారదు. డొమైన్‌ను ఏటేటా పునరుద్ధరించడం మరిచిపోకూడదు. గడువు దాటితే దాన్ని ఇతరులు చేజిక్కించుకోగలరు. ఇది పెద్ద సంస్థలకు కూడా జరుగుతుంది. బ్లాగర్‌లోని బ్లాగులకు ఉచితంగా వచ్చే చిరునామా బ్లాగ్‌స్పాట్; మన దేశపు పాఠకులను ఒకప్పుడు బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్ అనే చిరునామాకు పంపేవారు. 2020లో ఆ డొమైన్ గూగుల్ చేతినుంచి జారిపోవడంతో, ఎవరెవరో తమ టపాల్లో ఆ చిరునామాతో ఇచ్చిన లంకెలు ఒక్కసారిగా తెగిపోయాయి.

చాలామంది ఫేస్‌బుక్‌కు వెళ్ళిపోయారు, ఎందుకు వెళ్ళారో నాకు తెలుసు. అక్కడ రాసిన పది నిమిషాల్లో నలుగురు పలకరిస్తారు, బ్లాగులో ఆ సందడి ఏనాడో తగ్గిపోయింది. అయితే నాలుగేళ్ళ క్రితం అక్కడ రాసిన ఒక వ్యాసాన్ని వెతికి పట్టుకోవడానికి రాసినవారే తంటాలు పడతారు. ఖాతా లేని పాఠకుడికి అది దాదాపు కనిపించదు. రాసింది ముందు మీ సొంత చోట పెట్టి, దాని లంకెను ఫేస్‌బుక్‌లో పంచుకోండి. ఆ క్రమం తలకిందులు కానివ్వకండి.

సబ్‌స్టాక్ వంటి ఉత్తరాల సేవలు వారం వారం రాసేవారికి బాగా నప్పుతాయి, పైగా చందాదారుల జాబితాను అక్కడి నుంచి బయటికి తెచ్చుకోవచ్చు. ఫేస్‌బుక్ లాంటి సామాజిక వేదిక అయిన మాస్టొడాన్‌లో ఖాతా మార్చుకుంటే మిమ్మల్ని అనుసరించేవారు మీ వెంట వస్తారు గాని పాత రాతలు రావు. కనుక అది కబుర్లకు అనువైన చోటే తప్ప నిలవ ఉంచుకునే చోటు కాదు. వర్డ్‌ప్రెస్‌ను ఎంచుకున్నవారు యాక్టివిటీపబ్ అనే ప్లగిన్ (అదనంగా తగిలించుకునే పరికరం) పెట్టుకుంటే మాస్టొడాన్ పాఠకులు అక్కడి నుంచే మీ బ్లాగును అనుసరించగలరు.

డాట్ భారత్ వంటి తెలుగు డొమైన్ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కానీ దాన్ని రెండో చిరునామాగా పెట్టుకుని ప్రధాన చిరునామాకు మళ్ళించడం మంచిది. తెలుగు లిపిలో ఉన్న చిరునామాను అన్ని అనువర్తనాలూ ఇంకా సరిగ్గా చూపించవు.

నకలు తీసుకోవడం అంటే ఎగుమతి బొత్తాం నొక్కితే సరిపోతుందా?

సరిపోదు. బ్లాగర్, వర్డ్‌ప్రెస్ రెండూ ఇచ్చే ఎగుమతి దస్త్రంలో టపాలు, వ్యాఖ్యలు, వర్గాలు ఉంటాయి, బొమ్మలు ఉండవు. బొమ్మ ఉండవలసిన చోట దాని పాత చిరునామా మాత్రమే ఉంటుంది. దస్త్రాన్ని కొత్త చోట దిగుమతి చేసిన వెంటనే బొమ్మలన్నీ చక్కగా కనిపిస్తాయి కాబట్టి అంతా వచ్చేసిందని సంతోషిస్తాము. నిజానికి అవి పాత ఇంటి నుంచే వచ్చి కనిపిస్తున్నాయి, ఆ పాత బ్లాగును తొలగించిన రోజున అన్నీ మాయమవుతాయి. బ్లాగర్ వాడేవారు, గూగుల్ ఖాతాలోని సమాచారాన్ని దించుకునే గూగుల్ టేకౌట్ ద్వారా తమ ఖాతాలోని చిత్రాలను కూడా దించుకోవాలి. వర్డ్‌ప్రెస్‌లోకి దిగుమతి చేసేటప్పుడు జోడింపులను కూడా దించుకోమనే ఐచ్ఛికానికి తప్పనిసరిగా టిక్కు పెట్టాలి. ఆ తరువాత పాత టపాలు ఓ ఇరవై తెరిచి, ఒక్కో బొమ్మ చిరునామాలో కొత్త డొమైన్ ఉందో పాతదే ఉందో కళ్ళతో చూసి నిర్ధారించుకోవాలి.

ఈ విషయం ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా అనుభవం. మా అమ్మమ్మగారి ఊళ్ళో సంక్రాంతికి వేసిన ముగ్గుల ఫోటోలు ముప్పైకి పైగా ఒక ఉచిత చిత్రాల సేవలో పెట్టి, బ్లాగులో వాటి లంకెలు మాత్రం ఇచ్చాను. ఆ సేవ మూతపడింది, మూస్తున్నట్టు వాళ్ళు పంపిన ఉత్తరం నేను వాడటం మానేసిన ఈమెయిలుకు వెళ్ళింది. ఆ టపాలో ఇప్పుడు వర్ణన మిగిలింది, ముగ్గులు లేవు. ఆ ఇల్లు కూడా ఇప్పుడు లేదు.

ఇంకొక జాగ్రత్త ఉంది. వర్డ్‌ప్రెస్ ఎగుమతి దస్త్రంలో వ్యాఖ్యలు రాసినవారి ఈమెయిలు చిరునామాలు, ఐపీ సంఖ్యలు కూడా ఉంటాయి. సాయం చేస్తామన్నవారికి ఆ దస్త్రాన్ని పంపే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి, దాన్ని అందరికీ కనబడే చోట ఎన్నడూ పెట్టకూడదు.

నా పాత టపాల చిరునామాలన్నీ బ్లాగ్ పోస్ట్ అనే మాటతో, పక్కన ఏదో అంకెతో ఉన్నాయి. ఎందుకు?

బ్లాగర్ టపా శీర్షికలోని రోమను అక్షరాలను మాత్రమే చిరునామాకు తీసుకుని తెలుగు అక్షరాలను వదిలేస్తుంది. శీర్షిక మొత్తం తెలుగులో ఉంటే ఇంకేమీ మిగలదు కాబట్టి బ్లాగ్ పోస్ట్ అనే పేరు పెట్టి, ఆ నెలలో అప్పటికే ఆ పేరుతో ఒకటి ఉంటే చివర ఒక అంకె తగిలిస్తుంది. బ్లాగర్‌లో తెలుగు శీర్షికలు పెట్టిన చాలామంది చిరునామాలు ఇలా ఒకే పోలికలో ఉండటానికి కారణం ఇదే.

తరలింపులో దీనివల్ల ఒక చిక్కు వస్తుంది. బ్లాగర్‌లో చిరునామాకు ముందు సంవత్సరం, నెల కూడా ఉంటాయి కనుక 2009 మే నెలలో ఒక బ్లాగ్ పోస్ట్, 2010 మార్చిలో మరొక బ్లాగ్ పోస్ట్ నిశ్చింతగా ఉండగలవు. వర్డ్‌ప్రెస్ మాత్రం నెలలు వేరైనా రెండు టపాలకు ఒకే పేరును ఒప్పుకోదు, రెండోదానికి తానే ఒక అంకె చేరుస్తుంది. అంటే చిరునామాల నమూనాను అచ్చం పాతదానిలాగే అమర్చుకున్నా సగం లంకెలు తప్పుడు టపాలకు పోవచ్చు. పాత చిరునామాకు ఎదురుగా కొత్త చిరునామా రాసుకున్న ఒక పట్టిక తయారు చేసుకుని, దాని ప్రకారం మళ్ళించడం ఒక్కటే నమ్మదగిన మార్గం. బ్లాగర్ నుంచి దిగుమతి చేసే వర్డ్‌ప్రెస్ ప్లగిన్ ప్రతి టపాకు దాని పాత చిరునామాను కూడా భద్రపరుస్తుంది కనుక పట్టిక తయారీ అనుకున్నంత కష్టం కాదు.

వర్డ్‌ప్రెస్‌లో తెలుగు శీర్షికను తెలుగులోనే చిరునామాగా ఉంచేస్తే మరో ఇబ్బంది ఉంది. యూనికోడ్‌ను రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. చిరునామాలో వాటిని శాతం గుర్తులతో రాసేటప్పుడు ఒక్కో సంకేతం తొమ్మిది గుర్తులవుతుంది. తెలుగు అనే మూడక్షరాల మాటలో హల్లులూ గుణింతపు గుర్తులూ కలిపి ఆరు సంకేతాలు ఉన్నాయి, అవి చిరునామాలో 54 గుర్తులుగా మారతాయి. వర్డ్‌ప్రెస్ టపా పేరుకు 200 గుర్తులే హద్దు. దాదాపు 22 సంకేతాలు దాటేసరికి శీర్షిక తెగిపోతుంది, కొన్నిసార్లు చివరి అక్షరం గుణింతం కోల్పోయి మిగులుతుంది. ఆ చిరునామాను వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులతో నిండిన నాలుగు వరుసలు వెళ్ళవచ్చు, పుచ్చుకున్నవారు దాన్ని వైరస్ అనుకుని నొక్కరు. ప్రతి టపాకు రెండు మూడు మాటల రోమను పేరును చేత్తో ఇవ్వడమే నా సలహా. నేను నాలుగు వందల పైచిలుకు టపాలకు అలాగే ఇచ్చాను. ఆ తరలింపుకు పట్టిన నాలుగు నెలల్లో సగం ఈ పనికే పోయింది, పోయినందుకు చింత లేదు.

పాత చిరునామాకు వచ్చినవారు కొత్త చోటికి చేరేదెలా?

శాశ్వత మళ్ళింపు పెట్టాలి. సాంకేతికంగా దాన్ని 301 అంటారు. ఈ టపా ఇక శాశ్వతంగా ఫలానా చోట ఉంటుందని విహారిణికీ (బ్రౌజరుకీ) వెతుకుడు యంత్రానికీ చెప్పే సంకేతం అది. 302 అనేది తాత్కాలిక మళ్ళింపు, దాన్ని పొరపాటున పెట్టకండి.

పాత బ్లాగు వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లో ఉంటే, ఏటా కొంత రుసుము చెల్లిస్తే పాత చిరునామాలన్నింటినీ మళ్ళిస్తారు. బ్లాగ్‌స్పాట్ చిరునామాకు అటువంటి నేరు సదుపాయం లేదు. అందుకు మిత్రులు అనుసరిస్తున్న పద్ధతి ఒకటుంది: ముందుగా బ్లాగర్ అమరికల్లో మీ సొంత డొమైన్‌ను జోడించాలి, దానితో బ్లాగ్‌స్పాట్ లంకెలన్నీ అదే మార్గంతో మీ డొమైన్‌కు వెళ్ళడం మొదలవుతుంది. కొన్నాళ్ళు అలా నడిచిన తరువాత డొమైన్‌ను కొత్త హోస్టింగుకు (బ్లాగు దస్త్రాలను ఉంచే చోటికి) మార్చుకుని, అక్కడ పైన చెప్పిన పట్టిక ప్రకారం మళ్ళింపులు పెట్టుకోవాలి. ఆ దశలో పాఠకుడికి మధ్యలో ఒక హెచ్చరిక పుట కనిపించవచ్చు, కానీ దారి మాత్రం తెగదు. ఈ ఏర్పాటు నిలవాలంటే బ్లాగర్‌లోని పాత బ్లాగును ఎప్పటికీ తొలగించకూడదు.

పాతదీ కొత్తదీ రెండూ ఒకే పాఠంతో తెరిచి ఉంచడం మాత్రం మంచిది కాదు. గూగుల్ వాటిలో ఏదో ఒకదాన్నే చూపిస్తుంది, అది తరచు పాతదే అవుతుంది.

వ్యాఖ్యలను కూడా తీసుకెళ్ళాలా?

తప్పకుండా తీసుకెళ్ళాలి. 2008 ప్రాంతపు తెలుగు బ్లాగుల్లో అసలు విషయం సగం వ్యాఖ్యల్లోనే ఉంది. నేను పులగం గురించి పది వాక్యాలు రాస్తే, దాని కింద గుంటూరు, కడప, కరీంనగర్, బళ్ళారి వారు తమ తమ ఇళ్ళలో ఎలా వండుతారో, ఏమని పిలుస్తారో నలభై వ్యాఖ్యల్లో చెప్పారు. నా పది వాక్యాల కన్నా ఆ నలభై వ్యాఖ్యలే విలువైనవి. అవి రాసినవారిలో కొందరు ఇప్పుడు లేరు.

వ్యాఖ్య మీద హక్కు దాన్ని రాసినవారిదే. వాటిని అదే టపా కింద, అదే పేరుతో, అదే తేదీతో ఉంచడంలో ఇబ్బంది లేదు. పుస్తకంలో వేసుకోవాలంటే మాత్రం వారిని అడగాలి, తన వ్యాఖ్యను తీసివేయమని ఎవరైనా కోరితే మారు మాట లేకుండా తీసివేయాలి.

దిగుమతి చేశాక తెలుగు అంతా ప్రశ్నార్థకాలుగానో పిచ్చి గుర్తులుగానో కనిపిస్తోంది. రాతలు పోయినట్టేనా?

ఈ రెంటికీ చాలా తేడా ఉంది. పైన గీతలు, చుక్కలు పెట్టిన లాటిన్ అక్షరాల గందరగోళంలా కనిపిస్తే పాఠం చాలావరకు క్షేమంగానే ఉంటుంది, డేటాబేసు దాన్ని యూటీఎఫ్-8గా కాక మరో పద్ధతిలో చదువుతోందంతే. అక్షరానికొక ప్రశ్నార్థకం చొప్పున కనిపిస్తే మాత్రం ఆ ప్రతిలోని తెలుగు నిజంగానే చెరిగిపోయింది. దాన్ని చెరిపేసి, డేటాబేసు సంకేతీకరణను సరిచేసి, అసలు ఎగుమతి దస్త్రం నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. ఎగుమతి దస్త్రపు మొదటి ప్రతిని ఎన్నడూ ముట్టుకోవద్దని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

మరొక సూక్ష్మమైన నష్టం ఉంది, అది నెలల తరువాత గాని కంటపడదు. పొల్లును తరువాతి హల్లుతో కలవనీయకుండా ఆపడానికి మనం కంటికి కనిపించని ఒక విడదీత గుర్తును వాడతాము. పాఠాన్ని శుభ్రం చేస్తామని చెప్పే కొన్ని పరికరాలు దాన్ని చెత్త అనుకుని తుడిచేస్తాయి. అప్పుడు ఆన్‌లైన్ కాస్తా ఆన్లైన్ అవుతుంది, బ్లాగ్‌లో అన్నది బ్లాగ్లో అయిపోతుంది. తరలించిన తరువాత ఇటువంటి మాటలను పది చోట్ల పరీక్షించి చూడండి. యూనికోడ్‌కు ముందు కాలపు ఫాంటులతో టైపు చేసిన పాత వ్యాసాలు ఉంటే వాటిని తరలింపుకు ముందే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్పిడి పరికరాలు వత్తుల దగ్గర పొరబడుతూ ఉంటాయి కనుక ఒకసారి మొదటి నుంచి చివరి దాకా చదవక తప్పదు.

పాఠకులకు ఎలా తెలియజేయాలి?

ఒకప్పుడు సంకలినికి కొత్త చిరునామా పంపితే ఊరంతా దండోరా వేసినట్టే ఉండేది. కొత్త టపాలన్నీ ఒకచోట చదువుకునే గూగుల్ రీడర్ 2013 జులై 1న ఆగిపోయింది. గూగుల్ వారి ఫీడ్‌బర్నర్ అనే సేవ ద్వారా ఈమెయిలులో టపాలు పంపే సదుపాయం 2021లో ఆగింది. ఆ ఈమెయిలు జాబితా మీరు అప్పుడే దించుకుని ఉంటే, దానిలోని వారికి ఒక్క ఉత్తరం రాయండి. అడగకుండా కొత్త చందాలో చేర్చకండి. పాత ఫీడును (చందాదారులకు కొత్త టపాలను చేరవేసే లంకెను) కనీసం ఏడాది పాటు సజీవంగా ఉంచి, కొత్త ఫీడుకు మళ్ళించండి, ఎందుకంటే ఎన్నడూ వ్యాఖ్య రాయని నమ్మకమైన పాఠకులు అక్కడే ఉంటారు. మీ బ్లాగుకు లంకె ఇచ్చిన తోటి బ్లాగరులకు, తెలుగు వికీపీడియాలో మీ టపాను మూలంగా చూపిన వ్యాసాల చర్చాపుటల్లో కూడా కొత్త చిరునామా చెప్పండి.

చివరి టపాలో ఏమి రాయాలి?

మన ఇళ్ళలో గడప దాటేవారు వెళ్తున్నాను అనరు, వెళ్ళొస్తాను అంటారు. చివరి టపా కూడా ఆ తీరునే ఉండాలని నా కోరిక. అలకలు, నిష్ఠూరాలు, తెలుగు బ్లాగులకు కాలం చెల్లిందనే తీర్పులు అక్కడ వద్దు. పదేళ్ళ తరువాత వెతుకుతూ ఆ టపా దగ్గరకు వచ్చే మనిషికి కావలసినది కొత్త చిరునామా, పాత టపాలు ఎక్కడ ఉన్నాయన్న సమాచారం, మిమ్మల్ని చేరుకునే ఒక దారి. అవి మొదటి రెండు వాక్యాల్లోనే ఉండాలి. కృతజ్ఞతలు ఆ తరువాత ఎంత విస్తారంగానైనా చెప్పుకోవచ్చు. నేను మొదట రాసినదాంట్లో చిరునామా ఆరో పేరాలో ఉందని మా చెల్లెలు చూపించింది, అప్పుడు తిరగరాశాను.

పాతవి కొన్ని ఇప్పుడు నాకే నచ్చడం లేదు. తరలించేటప్పుడు వదిలేయవచ్చా?

ఎవరినైనా బాధించేవి, ఇతరుల ఆంతరంగిక విషయాలు బయటపెట్టేవి తీసేయండి. అభిప్రాయం మారినవాటిని ఉంచి, పైన ఒక వాక్యంలో మారిందని తేదీతో రాయండి. కేవలం పిల్లతనంగా ఉన్నాయని దేన్నీ తీసేయకండి. 2007లో ఒక తెలుగు యువకుడు కంప్యూటరు మీద తొలిసారి తన భాషలో రాసుకున్నప్పుడు ఎలా రాశాడో తెలుసుకోగోరేవారు ఉంటారు.

వేబ్యాక్ మెషీన్‌లో ఉంది కదా, పీడీఎఫ్ కూడా చేసి పెట్టుకున్నాను. ఇవి చాలవా?

వెబ్ పుటల పాత నకళ్ళను చూపే వేబ్యాక్ మెషీన్‌ను నడిపే ఇంటర్నెట్ ఆర్కైవ్ 1996 నుంచి ఎంతో ఉపకారం చేస్తోంది. అయినా అది ప్రతి పుటనూ తీసుకుని ఉంటుందన్న హామీ లేదు. ముఖ్యమైన టపాలను అందులో మీరే భద్రపరచవచ్చు, ఆ సదుపాయం అందరికీ ఉంది. పీడీఎఫ్ చదవడానికి బాగుంటుంది, కానీ తెలుగు పీడీఎఫ్ నుంచి పాఠాన్ని నకలు చేస్తే వత్తులూ గుణింతాలూ స్థానాలు మారి వస్తుండటం మీరూ చూసే ఉంటారు. అసలు ప్రతిని యూనికోడ్ పాఠంగానే ఉంచుకోండి. ఒక ప్రతి ఇంట్లో, ఒకటి మరో ఊళ్ళో ఉన్న బంధువుల దగ్గర ఉంటే ఇంకా మంచిది.

చనిపోయినవారి బ్లాగును కాపాడుకోవడం ఎలా?

రెండేళ్ళ పాటు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలను, వాటిలోని సమాచారంతో సహా తొలగించే అవకాశం ఉందని గూగుల్ 2023లో ప్రకటించింది. కనుక కాలయాపన పనికిరాదు. మనం బతికి ఉండగానే చేయగలిగినది నిష్క్రియ ఖాతా నిర్వాహకం అనే అమరిక. ఖాతాను ఎన్ని నెలలు వాడకపోతే, ఎవరికి, ఏయే సమాచారం అందాలో అందులో ముందే చెప్పి ఉంచవచ్చు. డొమైన్ ఎక్కడ కొన్నామో, ఏ నెలలో పునరుద్ధరించాలో ఒక కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో కలిపి పెట్టాలి. మన దేశంలో రచయిత మరణానంతరం 60 ఏళ్ళ వరకు రాతల మీద హక్కు వారసులది కనుక, తరలించే అధికారం వారికి ఉంటుంది.

కిందటేడు ఒక మిత్రుని కుమార్తె తన తండ్రి బ్లాగును ఇలాగే కొత్త డొమైన్‌కు మార్చింది. బొమ్మలు, వ్యాఖ్యలు అన్నీ భద్రంగా వచ్చాయి. చివరగా ఆమె అడిగిన ప్రశ్న, నాన్నగారి అక్షరదోషాలు దిద్దవచ్చా అని. వద్దని చెప్పాను. ఆయన ళ రాయవలసిన చోట ల రాసేవారు, ఆయన మాటలోనూ అలాగే వినిపించేది.